కారు డ్రైవ్ బెల్ట్, టెన్షనర్, పుల్లీలు: తరచుగా అడిగే ప్రశ్నలు

"కొత్త బెల్ట్ వేయించి నెల కూడా కాలేదు, మళ్లీ అరుస్తోంది" అనే మాట మిగతా ప్రశ్నలన్నిటికంటే ఎక్కువగా వినిపిస్తుంది. అరిచేది బెల్టే అయినా తప్పు చాలాసార్లు బెల్ట్‌ను బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్‌దో, బెల్ట్ చుట్టుకుని తిరిగే చక్రాల్లో (పుల్లీల్లో) ఏదో ఒకదానిదో అయి ఉంటుంది. అందుకే ఇక్కడ బెల్ట్ కంటే దాని చుట్టూ ఉన్నవాటి గురించే ఎక్కువ ఉంది. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## మొదట వచ్చే అనుమానాలు

ఫ్యాన్ బెల్ట్, డ్రైవ్ బెల్ట్, టైమింగ్ బెల్ట్ అన్నీ ఒకటేనా?

మొదటి రెండూ ఒకటే, మూడోది వేరు. పాత బండ్లలో ఈ బెల్టే రేడియేటర్ ఫ్యాన్‌ను కూడా తిప్పేది కాబట్టి ఫ్యాన్ బెల్ట్ అనే పేరు నిలిచిపోయింది. ఇప్పటి కార్లలో ఫ్యాన్ ఎక్కువగా కరెంటు మోటారుతో తిరుగుతుంది. డ్రైవ్ బెల్ట్ ఇంజన్ పక్కన బయటికి కనిపిస్తుంది, లోపలివైపు పొడవునా గాడులు ఉంటాయి. ఇంజన్ వాల్వులను సరైన సమయానికి తెరిచి మూయించే టైమింగ్ బెల్ట్‌కు గాడులు కాదు, అడ్డంగా పళ్లు ఉంటాయి. అది కవరు లోపల ఉంటుంది. స్విఫ్ట్ కె-సిరీస్ పెట్రోల్, 1.3 డీజిల్ ఇంజన్లలో టైమింగ్‌కు బెల్ట్ బదులు చైన్ ఉంటుంది. వాటిలో బెల్ట్ అంటే డ్రైవ్ బెల్టే.

ఈ ఒక్క బెల్ట్ ఏమేం తిప్పుతుంది?

ఆల్టర్నేటర్, ఏసీ కంప్రెసర్ దాదాపు ప్రతి కారులోనూ దీనిమీదే తిరుగుతాయి. ఆల్టర్నేటర్‌ను మనవైపు చాలామంది ఇంకా డైనమో అనే అంటారు. పాత ఇన్నోవా, బొలెరో లాంటి హైడ్రాలిక్ స్టీరింగ్ బండ్లలో స్టీరింగ్ పంపు కూడా దీనిదే. ఎలక్ట్రిక్ స్టీరింగ్ ఉన్నవాటిలో ఆ పంపే ఉండదు. ఇంజన్‌ను చల్లబరిచే నీటిని తిప్పే వాటర్ పంపు విషయంలో మాత్రం ఇంజన్‌ను బట్టి తేడా ఉంది: కొన్నిటిలో డ్రైవ్ బెల్ట్ తిప్పుతుంది, కొన్నిటిలో టైమింగ్ బెల్ట్. మీ బండిలో ఏది తిప్పుతుందో ఈరోజే తెలుసుకుని పెట్టుకోండి. బెల్ట్ తెగిన రోజు బండి నడపాలా ఆపాలా అన్నది ఆ ఒక్క సంగతి మీదే ఆధారపడి ఉంటుంది.

ఎన్ని కిలోమీటర్లకు మార్చాలి?

మీ బండి పుస్తకంలో రాసిందే మొదటి మాట. అది దొరకకపోతే 60,000 నుంచి 1,00,000 కిలోమీటర్లు, లేదా అయిదేళ్లు, ఏది ముందు వస్తే అది. తక్కువ తిరిగే బండికి కిలోమీటర్ల కన్నా వయసే లెక్క. ఎండలో నిలిపే బండి, కంకర క్వారీల వైపు తిరిగే బండి, ఏసీ వేసుకుని గంటల తరబడి ట్రాఫిక్‌లో నిలబడే బండి అయితే ఇంకాస్త ముందే చూసుకోవాలి. ప్రతి 10,000 కిలోమీటర్ల సర్వీసులో ఒకసారి టార్చిలైటు వేసి చూస్తే చాలు.

ఊళ్లో నాన్నగారి కారు ఆరు నెలలుగా కదల్లేదు. ఇప్పుడు స్టార్ట్ చేస్తే బెల్ట్ దగ్గర శబ్దం వస్తోంది. మార్చేయాలా?

తొందర వద్దు. ఆగి ఉన్న బండిలో పుల్లీ గాడులకు తుప్పు పడుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీర ఊళ్లలో ఇది మరీ త్వరగా జరుగుతుంది. తుప్పు పలచగా ఉంటే కాసేపు తిరిగేసరికి అదే రాలిపోయి శబ్దం ఆగుతుంది. చేతికి గరుకుగా తగిలేంత తుప్పు ఉంటే మాత్రం అది ఆకురాయిలా బెల్ట్‌ను తినేస్తుంది. బెల్ట్ తీసి పుల్లీలను బ్రష్‌తో శుభ్రం చేయించాలి. స్టార్ట్ చేసేముందు ఎలుక కొరికిన గుర్తులు, గూడు ఉన్నాయేమో బెల్ట్ మొత్తం పొడవునా చూడండి.

## శబ్దం వస్తున్నప్పుడు

పొద్దున స్టార్ట్ చేయగానే కీచుమని అరిచి, నిమిషంలో ఆగిపోతుంది. పట్టించుకోవాలా?

పట్టించుకోవాలి, కానీ ఆందోళన పడక్కర్లేదు. స్టార్ట్ అయిన వెంటనే డైనమో బ్యాటరీని తిరిగి నింపే పనిలో పూర్తి బరువుతో ఉంటుంది. 100 ఆంపియర్లు ఇచ్చే డైనమో 14 వోల్టుల దగ్గర 1.4 కిలోవాట్లు ఇస్తోందన్నమాట, అంటే దాదాపు 2 హార్స్‌పవర్. ఆ శక్తంతా ఒక చిన్న పుల్లీ మీద సగం చుట్టు చుట్టిన బెల్ట్ నుంచే రావాలి. బెల్ట్ వదులైనా, అరిగినా, రాత్రి మంచుకు తడిసినా జారి అరుస్తుంది. బ్యాటరీ నిండుతున్నకొద్దీ బరువు తగ్గి శబ్దం ఆగుతుంది. బెల్ట్ అరుగుదల, టెన్షనర్ బిగువు, ఆ రెంటితో పాటు బ్యాటరీ ఆరోగ్యం కూడా చూపించండి. బలహీనమైన బ్యాటరీ ఉంటే డైనమో రోజూ ఆ బరువు మోయాల్సిందే. అమెరికా, కెనడా చలిలో ఉన్న మనవాళ్లకు ఈ శబ్దం బాగా పరిచయం. చలికి రబ్బరు బిగుసుకుని పట్టు తగ్గుతుంది.

పిచ్చుక కూసినట్టు కిచకిచ వస్తే ఏమిటి, సాగదీసినట్టు కీ... అని వస్తే ఏమిటి?

రెండూ వేరు వేరు జబ్బులు. లయగా, ఆగి ఆగి వచ్చే కిచకిచ ఐడ్లింగ్‌లో (యాక్సిలరేటర్ నొక్కకుండా ఇంజన్ తిరుగుతున్నప్పుడు) బాగా వినిపించి, ఇంజన్ వేగం పెరిగితే తగ్గుతుంది లేదా మిగతా శబ్దాల్లో కలిసిపోతుంది. ఇది సాధారణంగా పుల్లీలు ఒకే గీతలో లేకపోవడం వల్ల. బెల్ట్ గాడి ప్రతిసారీ కాస్త వంకరగా పుల్లీలోకి దిగుతూ చప్పుడు చేస్తుంది. ఆపకుండా సాగే కీచు శబ్దం యాక్సిలరేటర్ నొక్కినప్పుడు, ఏసీ వేసినప్పుడు, స్టీరింగ్ చివరిదాకా తిప్పినప్పుడు పెరుగుతుంది. అది బెల్ట్ జారుతోందన్న గుర్తు. బిగువు తక్కువైనా కావచ్చు, తిరగాల్సిన పుల్లీల్లో ఏదో ఒకటి బిగుసుకుపోయి అయినా కావచ్చు.

నీళ్లు చల్లి చూడమన్నారు. దాంతో ఏం తెలుస్తుంది?

పరీక్ష సులువు, ఫలితం నమ్మదగ్గది. బట్టలు ఇస్త్రీ చేసేటప్పుడు వాడే స్ప్రే సీసాలో మామూలు నీళ్లు పోసి, ఇంజన్ ఐడ్లింగ్‌లో ఉండగా బెల్ట్ గాడులున్న వైపు రెండుమూడు సార్లు చల్లండి. చెయ్యి, చొక్కా చేతులు బెల్ట్‌కు దూరంగా ఉండాలి. శబ్దం కొన్ని క్షణాలు ఆగి మళ్లీ మొదలైతే పుల్లీల వరుస తప్పింది. శబ్దం ఇంకా పెరిగితే బిగువు చాలడం లేదు. ఏ తేడా లేకపోతే అది బెల్ట్ శబ్దం కాదు, ఏదో బేరింగ్‌ది.

ఏసీ వేయగానే అరుస్తోంది. కంప్రెసర్ పోయిందా?

చాలాసార్లు కాదు. ఏసీ వేసినప్పుడు బెల్ట్ మీద ఒక్కసారిగా బరువు పడుతుంది. అప్పటిదాకా ఎలాగో నెట్టుకొచ్చిన అరిగిన బెల్టో, నీరసించిన టెన్షనరో ఆ బరువుకు చేతులెత్తేస్తుంది. ముందు ఆ రెండూ చూడాలి. ఏసీ ఆపి ఉన్నప్పుడే గరగర వచ్చి, ఏసీ వేస్తే శబ్దం మారితే మాత్రం కంప్రెసర్ పుల్లీ బేరింగ్‌ను అనుమానించాలి. ఏసీ ఆపినా ఆ పుల్లీ తిరుగుతూనే ఉంటుంది కనుక. ఏసీ వేయగానే ఇంజన్ కుంగిపోయి, బెల్ట్ కాలిన వాసన వస్తే కంప్రెసర్ లోపల బిగుసుకుని ఉండవచ్చు. వెంటనే ఏసీ ఆపేయండి.

గరగరమని శబ్దం వస్తోంది. ఏ పుల్లీదో ఎలా పట్టుకోవాలి?

బెల్ట్ తీసేసి ఇంజన్‌ను 20 నుంచి 30 సెకన్లు నడపండి. శబ్దం పోతే జబ్బు బెల్ట్ వ్యవస్థలోనే ఉంది, పోకపోతే ఇంజన్ లోపల వెతకాలి. వాటర్ పంపు ఈ బెల్ట్ మీద తిరిగే ఇంజన్‌ను అంతకంటే ఎక్కువసేపు ఇలా నడపకూడదు. బ్యాటరీ లైటు వెలగడం మామూలే. తర్వాత ఇంజన్ ఆపి, ఒక్కో పుల్లీని చేత్తో తిప్పండి. చెయ్యి పుల్లీ మీద, చెవి దగ్గరగా. గరుకు, అడ్డం పడినట్టు ఆగడం, పక్కలకు ఊగడం, వీటిలో ఏది ఉన్నా దొంగ దొరికినట్టే. వాటర్ పంపు పుల్లీ ఊగుతుంటే పంపు కింద కూలంట్ కారిన చారలు కూడా కనిపించే అవకాశం ఎక్కువ.

వాన పడ్డప్పుడు, నీళ్లలోంచి పోయినప్పుడు మాత్రమే అరుస్తోంది

ఆరోగ్యంగా ఉన్న బెల్ట్ గాడుల్లోంచి నీళ్లు బయటికి పోయే ఖాళీ ఉంటుంది, టైరు గాడుల్లాగే. బెల్ట్ అరిగితే ఆ ఖాళీ పోతుంది, నీళ్లు మధ్యలో చిక్కి బెల్ట్ తేలుతుంది. ఒక్క తడికే రోజంతా అరిస్తే అరుగుదల చూడండి. ఇంజన్ కింది ప్లాస్టిక్ కవరు ఊడిపోయి ఉంటే కూడా చక్రం చిమ్మిన నీరు నేరుగా బెల్ట్ మీదికి వస్తుంది. ఇది చాలామంది చూడరు.

బెల్ట్ మీద సబ్బు రుద్దితే, బెల్ట్ స్ప్రే కొడితే తగ్గుతుంది కదా?

రెండు రోజులు తగ్గుతుంది. జిగురు స్ప్రే దుమ్మును పట్టుకుని గాడుల్లో గట్టిపడుతుంది. నూనె, గ్రీజు, డబ్ల్యూడీ-40 లాంటివైతే రబ్బరును మెత్తబరచి బెల్ట్‌ను ఇంకా జారుడు చేస్తాయి. నొప్పి మాత్ర కూడా కాదివి.

ఇంజన్ ఆపేటప్పుడు టకటకమని, ఐడ్లింగ్‌లో బెల్ట్ కొరడాలా ఊగుతోంది

డీజిల్ బండి అయితే డైనమో పుల్లీని ముందు అనుమానించండి. చాలా డీజిల్ ఇంజన్లలో, కొన్ని పెట్రోల్ ఇంజన్లలో డైనమో మీద ఫ్రీవీల్ పుల్లీ ఉంటుంది, సైకిల్ వెనక చక్రం ఫ్రీవీల్ లాంటిదే. ఇంజన్ ప్రతి పేలుడుకూ వేగం పెంచి తగ్గిస్తుంటే, బరువైన డైనమో రోటర్ ఆ కుదుపులను బెల్ట్ మీదికి తోయకుండా అది కాపాడుతుంది. అది బిగుసుకుపోతే కుదుపులన్నీ బెల్ట్ మీదికి, అక్కణ్నుంచి టెన్షనర్ మీదికి వస్తాయి. పుల్లీ మార్చకుండా టెన్షనర్ మారిస్తే కొత్త టెన్షనర్ కూడా తొందరగానే పోతుంది.

## బానెట్ తెరిచి చూసేటప్పుడు

బెల్ట్ మీద ఒక్క పగులు కూడా లేదు. బాగున్నట్టేనా?

కాకపోవచ్చు. పగుళ్లు లెక్కపెట్టే అలవాటు పాత నియోప్రీన్ బెల్టుల నాటిది. అప్పట్లో ఒక గాడి మీద 75 మిల్లీమీటర్ల పొడవులో మూడు పగుళ్లు కనిపిస్తే మార్చేయమనేవారు. ఇప్పుడు వచ్చేవి ఎక్కువగా ఈపీడీఎం రబ్బరు బెల్టులు. ఇవి లక్ష కిలోమీటర్ల తర్వాత కూడా పగలకపోవచ్చు, కానీ టైరులా అరుగుతాయి. కొత్త బెల్ట్ గాడి ఇంగ్లిష్ వి అక్షరంలా ఉంటుంది, అరిగినది యు అక్షరంలా గుండ్రమవుతుంది. వి ఆకారం పక్కగోడలతో పుల్లీని బిగించి పట్టుకుంటుంది. అడుగు పుల్లీ కొనకు తగిలిపోతే ఆ పట్టు పోతుంది. బెల్ట్ కంపెనీలు ఇచ్చే చిన్న ప్లాస్టిక్ గేజ్ గాడిలో పెడితే అరుగుదల తెలుస్తుంది. గేజ్ లేకపోతే అదే సైజు కొత్త బెల్ట్ పక్కన పెట్టి చూడండి. పొడవునా అద్దంలా మెరుస్తున్నా, గాడి ముక్క ఊడిపోయినా, గాడుల్లో రబ్బరు పొడి ఉండలు కట్టినా మార్చాల్సిందే.

బెల్ట్ ఒక అంచు మాత్రమే పీచులు పీచులుగా ఊడుతోంది

ఏదో ఒక పుల్లీ ముందుకో వెనక్కో జరిగి ఉంది, లేదా టెన్షనర్ చెయ్యి ఒరిగింది. బెల్ట్ ఆ పుల్లీ అంచుకు రాసుకుంటోంది. బెల్ట్ మాత్రమే మారిస్తే కొత్తదానికీ అదే గతి. ఊడిన దారాలు తిరిగే భాగాలకు చుట్టుకుంటే ఇంకో ముప్పు: టైమింగ్ బెల్ట్ ఉన్న ఇంజన్లలో ఆ దారం క్రాంక్ పుల్లీ (ఇంజన్ నుంచి బెల్ట్‌ను తిప్పే పుల్లీ) వెనక నుంచి కవరులోకి దూరి టైమింగ్ బెల్ట్‌ను పళ్లు దాటించిందంటే చాలా ఇంజన్లలో వాల్వులు వంగిపోతాయి. అంచు పీచులు కనిపించిన రోజే గ్యారేజీకి తీసుకెళ్లండి.

టెన్షనర్ పోయిందని చెబుతున్నారు. నిజమో కాదో నేను ఎలా తెలుసుకోవాలి?

నాలుగు చూడండి. ఒకటి, ఇంజన్ ఐడ్లింగ్‌లో టెన్షనర్ చెయ్యి దాదాపు నిలకడగా ఉండాలి. సన్నని వణుకు ఫర్వాలేదు, కంటికి ఊగుతున్నట్టు కనిపిస్తే లోపల ఊపును అణిచే డ్యాంపర్ అరిగిపోయింది. రెండు, ఇంజన్ ఆపి, పానాతో టెన్షనర్ చేతిని నెమ్మదిగా తిప్పి వదలాలి. ఒకే బిగువుతో మెత్తగా వెళ్లి రావాలి. మధ్యలో తట్టుకోవడం, చప్పుడు, తిరిగి రాకపోవడం ఉంటే పోయినట్టే. మూడు, చెయ్యి, కుదురు కలిసే చోట ఎర్రటి తుప్పు పొడి కారిన చారలుంటే లోపలి బుష్ అరిగింది. నాలుగు, బెల్ట్ టెన్షనర్ పుల్లీకి నడిమధ్య కాకుండా ఒక అంచున తిరుగుతోందా చూడండి. కొన్ని టెన్షనర్ల మీద బాణం గుర్తు, గీతలు ఉంటాయి. సరైన సైజు బెల్ట్ ఉండి కూడా బాణం గీతలు దాటితే బెల్ట్ సాగింది.

ఐడ్లర్ పుల్లీని (బెల్ట్ దారి మళ్లించడానికి మాత్రమే ఉండే పుల్లీని) వేలితో తిప్పితే చాలాసేపు తిరుగుతోంది. మంచిదే కదా?

కాదు. లోపల గ్రీజు ఉన్న మంచి బేరింగ్ చేత్తో తిప్పితే చప్పుడు లేకుండా ఒకటి రెండు చుట్లు తిరిగి ఆగిపోతుంది. బొంగరంలా పొడిపొడిగా తిరుగుతూనే ఉంటే గ్రీజు ఎండిపోయింది. దాని మీద పడే పని తక్కువదేం కాదు. 150 మిల్లీమీటర్ల క్రాంక్ పుల్లీ 3,000 ఆర్పీఎంలో తిరుగుతుంటే 70 మిల్లీమీటర్ల ఐడ్లర్ నిమిషానికి 6,400 పైచిలుకు చుట్లు తిరుగుతోందన్నమాట. గ్రీజు లేని బేరింగ్ అలా తిరిగి తిరిగి కాలి, ప్లాస్టిక్ పుల్లీ కరిగి, ఆఖరికి బెల్ట్ ఊడిపోతుంది.

డైనమో పుల్లీ ఒకవైపే తిరుగుతోంది. పాడైందా?

ఫ్రీవీల్ పుల్లీ అయితే అలాగే ఉండాలి. బెల్ట్ తీసి, డైనమో ఫ్యాన్ కదలకుండా ఆపి పుల్లీని తిప్పితే ఒకవైపు తేలిగ్గా తిరగాలి, రెండోవైపు పట్టుకోవాలి. రెండువైపులా పట్టుకుంటే బిగుసుకుపోయింది. రెండువైపులా తిరిగితే తెగిపోయింది, అప్పుడు చార్జింగే ఉండదు. మరో రకంలో లోపల స్ప్రింగ్ ఉంటుంది. దానిలో పట్టుకునే వైపు స్ప్రింగ్ సాగుతున్నట్టు చేతికి తెలుస్తుంది. దీన్ని విప్పడానికి పళ్లున్న ప్రత్యేక సాకెట్ కావాలి, మామూలు పానాతో ప్రయత్నిస్తే పళ్లు పోతాయి. ముందు ప్లాస్టిక్ మూత పోయి ఉంటే కొత్తది వేయించండి, దుమ్ము లోపలికి పోయేది అక్కణ్నుంచే.

క్రాంక్ పుల్లీ వంకరగా ఊగుతూ తిరుగుతోంది

ఆ పుల్లీ ఒకే ఇనుప ముక్క కాదు. లోపలి హబ్‌కూ బయటి రింగుకూ మధ్య రబ్బరు పొర ఉంటుంది, ఇంజన్ వణుకును మింగడానికి. వేడికి, ఆయిల్‌కు ఆ రబ్బరు విడిపోతే రింగు ఊగుతుంది లేదా జారుతుంది. పరీక్షకు హబ్ నుంచి రింగు దాకా అడ్డంగా ఒక తెల్ల పెయింటు గీత గీయండి. రెండు రోజులు నడిపాక గీత రెండు ముక్కలై పక్కకు జరిగి ఉంటే రింగు జారుతోంది. వెల్డింగ్ పెట్టించకండి. రబ్బరు పోయిన పుల్లీకి వెల్డింగ్ అంటే ఆ వణుకంతా క్రాంక్ షాఫ్ట్‌కు అప్పజెప్పడమే.

పుల్లీలు ఒక వరుసలో ఉన్నాయో లేదో కొలవడం ఎలా?

గ్యారేజీలో లేజర్ పరికరం ఉంటే రెండు నిమిషాల పని. లేకపోతే వంపులేని స్టీల్ స్కేలును గాడులున్న రెండు పుల్లీల ముఖాలకు ఆనించి చూడవచ్చు. గాడుల బెల్ట్‌కు అనుమతించే తేడా చాలా తక్కువ: పుల్లీల మధ్య ప్రతి 300 మిల్లీమీటర్ల దూరానికి 1.5 మిల్లీమీటర్ల వరకు. డైనమో లేదా కంప్రెసర్ రిపేరైన తర్వాత కిచకిచ మొదలైతే బ్రాకెట్ వెనక వాషర్ మర్చిపోయారేమో, బోల్టు వదులుందేమో మొదట చూడండి.

బెల్ట్ మీద ఇంజన్ ఆయిల్ కారింది. తుడిస్తే సరిపోతుందా?

సరిపోదు. ఆయిల్ పీల్చిన రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. ముందు లీకు ఆపి, పుల్లీలు కడిగి, తర్వాత కొత్త బెల్ట్ వేయాలి. కూలంట్ కొద్దిగా చిందితే మాత్రం ఇంజన్ చల్లారాక మంచినీళ్లతో కడిగితే చాలు.

## విడిభాగాలు కొనేటప్పుడు

బెల్ట్ మీద 6పీకే1200 అని ఉంది. అర్థమేంటి?

6 అంటే పొడవునా ఉన్న గాడుల వరుసలు. పీకే అంటే కార్లకు వాడే గాడి కొలత, వరుసకూ వరుసకూ మధ్య 3.56 మిల్లీమీటర్లు. 1200 అంటే పొడవు మిల్లీమీటర్లలో. ఆరు వరుసల బెల్ట్ వెడల్పు 21 మిల్లీమీటర్ల పైచిలుకు ఉంటుంది. బెల్ట్ వీపు మీద టేపు చుట్టి కొలిస్తే ఈ అంకెతో సరిగ్గా కలవదు, ఎందుకంటే పొడవును అక్కడ కొలవరు. అక్షరాలు చెరిగిపోయి ఉంటే టేపును నమ్మకుండా బండి మోడల్, తయారైన సంవత్సరం, ఏసీ ఉందా లేదా చెప్పి పార్ట్ నంబరుతో కొనండి.

1200 దొరకలేదు, 1210 ఇచ్చారు. వేసుకోవచ్చా?

ఆటోమేటిక్ టెన్షనర్ ఉంటే 10 మిల్లీమీటర్ల తేడాను అది మింగేసినట్టే కనిపిస్తుంది. కానీ టెన్షనర్ చెయ్యి తన మామూలు స్థానం నుంచి జరిగి పనిచేస్తుంది, బెల్ట్ కాస్త అరిగేసరికి చివరికి చేరుకుని ఇక లాగలేదు. ఒకటి రెండు మిల్లీమీటర్లు ఫర్వాలేదు. వరుసల సంఖ్య మాత్రం తగ్గించకూడదు, పెంచకూడదు.

బెల్ట్‌తో పాటు టెన్షనర్ కూడా మార్చమంటున్నారు. అవసరమా, అమ్ముకోవడానికా?

బండి లక్ష కిలోమీటర్లు దాటి, మొదటినుంచీ అదే టెన్షనర్ ఉంటే వాళ్ల మాట నిజమే. స్ప్రింగ్, బుష్, బేరింగ్ అన్నీ బెల్ట్‌తో పాటే అంతే దూరం తిరిగాయి. విప్పే కూలీ కూడా ఒకటే. 50,000 లోపే బెల్ట్ ఆయిల్ పడి పాడైందనుకోండి, టెన్షనర్ పరీక్షలో మెత్తగా ఆడుతుంటే అది మార్చక్కర్లేదు. ఏ పరీక్షా చేయకుండా మార్చాలన్నా, వద్దన్నా ఒప్పుకోకండి.

పుల్లీ మొత్తం ఎందుకు, బేరింగ్ ఒక్కటే మార్చించుకోవచ్చు కదా?

ఇనుప పుల్లీ అయి, బేరింగ్ బయటికి తీసే వీలుంటే చేయించవచ్చు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట ఇది రోజువారీ పని. చాలా ఐడ్లర్లలో ఉండేది 6203 బేరింగ్: లోపల 17, బయట 40, మందం 12 మిల్లీమీటర్లు. రెండువైపులా రబ్బరు సీలు, సీ3 ఖాళీ (గోళీలకు మామూలు కంటే కాస్త ఎక్కువ చోటు) ఉన్నది, మంచి కంపెనీది అడగండి. పుల్లీలోకి దించేటప్పుడు ప్రెస్ బయటి రింగు మీదే పడాలి. లోపలి రింగు మీద సుత్తితో కొడితే గోళీల దారిలో గుంటలు పడి కొత్త బేరింగ్ మొదటి రోజే గరగరమంటుంది. ప్లాస్టిక్ పుల్లీలో బేరింగ్ చుట్టూ ప్లాస్టిక్ పోసేసి ఉంటుంది, దాన్ని మొత్తంగా మార్చాలి.

లోకల్ బెల్ట్ వేస్తే ఏమవుతుంది?

కంపెనీ డబ్బాలో వచ్చేదే కావాలని లేదు. గేట్స్, కాంటిటెక్, డేకో, బాండో, ఫెన్నర్ బెల్టులు నిశ్చింతగా వాడవచ్చు. పేరులేని బెల్ట్‌లో చూడాల్సింది లోపలి దారాలు: అవి సాగితే టెన్షనర్ ఎంత లాగినా బిగువు నిలవదు. వీపు మీద ముద్ర మసకగా ఉన్నా, గాడుల అంచులు చిరిగినట్టున్నా వదిలేయండి. గాడులు లోపలికి చీలేలా మెలిపెట్టి రబ్బరు బ్యాండుతో కట్టేసిన బెల్ట్ ఏ కంపెనీదైనా వద్దు.

## మార్చేటప్పుడు

ఇంట్లో నేనే మార్చుకోవచ్చా?

టెన్షనర్ చెయ్యి పైనుంచి అందే బండి అయితే, పానా పట్టడం తెలిసినవారికి గంట పని. ఇంజన్ అడ్డంగా కూర్చున్న చిన్న కార్లలో కొన్నిటికి కుడి ముందు చక్రం, లోపలి ప్లాస్టిక్ కవరు విప్పాలి. అలాంటప్పుడు జాకీ ఒక్కదాన్ని నమ్మకుండా స్టాండు పెట్టాలి. ఇంజన్ మౌంటు విప్పాల్సి వస్తే గ్యారేజీకే ఇవ్వండి.

ఏ క్రమంలో చేయాలి?

ఇగ్నిషన్ నుంచి తాళం చెవి తీసి బ్యాటరీ మైనస్ వైరు విప్పండి. రేడియేటర్ ఫ్యాన్ ఇంజన్ ఆగాక కూడా తిరగవచ్చు. ఉంగరాలు, వాచీ, వేలాడే బట్టలు వద్దు. బెల్ట్ వెళ్లే దారిని రెండు కోణాల్లో ఫోటో తీయండి. బానెట్ కింద స్టిక్కరు ఉంటుంది కానీ ఏసీ ఉన్నదానికీ లేనిదానికీ దారి వేరు, తికమక పడతారు.

టెన్షనర్‌లో ఉన్న చదరపు రంధ్రంలోనో, బోల్టు తల మీదో పొడవాటి చేతి పానా వేసి బెల్ట్ వదులయ్యే వైపు నెమ్మదిగా తిప్పండి. ఎటువైపో ముందు కొద్దిగా కదిపి చూడాలి, కొన్ని టెన్షనర్ పుల్లీ బోల్టులు ఎడమ మరవి. గాడులు లేని నున్నటి పుల్లీ మీదనుంచి బెల్ట్ తప్పించడం సులువు. టెన్షనర్ చేతిని ఠక్కున వదలకండి, లోపలి ఆపుడు బద్ద విరుగుతుంది.

బెల్ట్ బయటికొచ్చాక పుల్లీలన్నీ తిప్పి చూసే అవకాశం మళ్లీ రాదు, తప్పక చూడండి. గాడులను బ్రేక్ క్లీనర్, నైలాన్ బ్రష్‌తో శుభ్రం చేయండి. కొత్త బెల్ట్‌ను క్రాంక్ పుల్లీ నుంచి మొదలుపెట్టి, నున్నటి పుల్లీని చివరికి ఉంచి ఎక్కించండి. గాడుల వైపు గాడుల పుల్లీకి, వీపు నున్నటి పుల్లీకి. టెన్షనర్ నెమ్మదిగా వదిలాక ప్రతి పుల్లీ దగ్గరా వేలితో తడిమి వరుసలన్నీ కూర్చున్నాయో చూడండి. క్రాంక్ బోల్టును సాకెట్‌తో ఇంజన్ తిరిగే దిశలోనే రెండు చుట్లు తిప్పి మళ్లీ ఒకసారి తడమండి. అప్పుడే స్టార్ట్ చేయాలి. పాత బెల్ట్‌నే తిరిగి వేస్తుంటే తీసేముందు తిరిగే దిశకు బాణం గీసుకోండి.

నా బండిలో టెన్షనర్ లేదు, డైనమో బోల్టు వదులు చేసి లాగుతారు. ఎంత బిగించాలి?

పుస్తకంలోని కొలతే సరైనది. అది లేనప్పుడు రెండు పుల్లీల మధ్య పొడవైన భాగం నడిమిని బొటనవేలితో దాదాపు 10 కిలోల బరువుతో నొక్కితే చిన్న కార్లలో 5 నుంచి 10 మిల్లీమీటర్లు దిగాలి. కొత్త బెల్ట్‌కు తక్కువ వైపు, వాడినదానికి ఎక్కువ వైపు. శబ్దం రాకూడదని తీగలా బిగిస్తే బెల్ట్ ఊరుకుంటుంది కానీ డైనమో, వాటర్ పంపు బేరింగులు పోతాయి. టామీ రాడ్‌తో డైనమో అల్యూమినియం ఒంటిని నెట్టకండి, పగులుతుంది. కొత్త బెల్ట్ వేసి 10 నిమిషాలు నడిపి ఒకసారి, 500 కిలోమీటర్లకు మరోసారి బిగువు చూడాలి. తొలి రోజుల్లో అది కుదురుకుంటూ వదులవుతుంది.

టెన్షనర్ లేదు, జరిపే బోల్టు కూడా లేదు. మరి ఎలా తీయాలి?

అది సాగే బెల్ట్. తన సాగుడుతోనే బిగువుగా ఉంటుంది. పాతదాన్ని కత్తిరించి తీసేయడమే, మళ్లీ వాడరు. కొత్తదాన్ని ప్రత్యేక పనిముట్టుతో పుల్లీ అంచు నుంచి ఎక్కిస్తూ ఇంజన్‌ను చేత్తో తిప్పాలి. స్క్రూడ్రైవర్‌తో తోస్తే లోపలి దారాలు తెగుతాయి. దాని బదులు మామూలు బెల్ట్ పనిచేయదు.

## మార్చిన తర్వాత

కొత్త బెల్ట్ వేసినా శబ్దం పోలేదు. బెల్ట్ నాసిరకమా?

అంతకంటే ముందు చూడాల్సినవి: బెల్ట్ ఏదైనా పుల్లీ మీద ఒక వరుస పక్కకు కూర్చుందా, పుల్లీ గాడుల్లో పాత రబ్బరు, తుప్పు అలాగే ఉన్నాయా, టెన్షనర్ పాతదేనా, గ్రీజు చేతులతో బెల్ట్ పట్టుకున్నారా. ఒక వరుస తప్పి కూర్చున్న బెల్ట్ మొదటి రోజే అంచు చీలి, వంద కిలోమీటర్లలోపే తెగిపోగలదు. ఇంజన్ ఆపి టార్చి వేసి చూడండి, పుల్లీ అంచు దాటి ఒక గాడి బయటికి కనిపిస్తుంది. ఇవన్నీ బాగుంటే పుల్లీల వరుస కొలిపించాలి.

పని సరిగ్గా జరిగిందని ఎలా తేల్చుకోవాలి?

గ్యారేజీ నుంచి కదలకముందే ఇంజన్ ఐడ్లింగ్‌లో హెడ్‌లైట్లు, ఏసీ, బ్లోవర్ అన్నీ వేయండి. స్టీరింగ్ రెండువైపులా చివరిదాకా తిప్పండి. శబ్దం రాకూడదు, టెన్షనర్ చెయ్యి ఊగకూడదు. బ్యాటరీ దగ్గర మల్టీమీటర్ పెడితే మామూలు బండిలో 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య చూపాలి. పాత బెల్ట్ అడిగి తీసుకోండి. మరీ పాడవకుండా ఉంటే డిక్కీలో మెలిక పడకుండా పెట్టుకోవచ్చు, దారిలో అవసరానికి పనికొస్తుంది.

## దారిలో తెగితే

హైవే మీద బ్యాటరీ లైటు వెలిగి, ఏసీ చల్లదనం పోయింది. ముందు ఏం చేయాలి?

ఏసీ ఆపి, టెంపరేచర్ చూస్తూ పక్కకు తీసి ఆపండి. హైడ్రాలిక్ స్టీరింగ్ అయితే ఒక్కసారిగా బరువెక్కుతుంది, రెండు చేతులతో గట్టిగా తిప్పితే తిరుగుతుంది. కొన్ని పాత డీజిల్ బండ్లలో బ్రేకుకు సాయపడే వ్యాక్యూమ్ పంపు డైనమో వెనకే ఉంటుంది. వాటిలో రెండుమూడు సార్లు నొక్కాక బ్రేకు రాయిలా గట్టిపడుతుంది. మాటిమాటికీ నొక్కి వదలకుండా ఒకే ఒత్తిడితో నొక్కి బండి ఆపండి.

అలాగే నడుపుకుంటూ దగ్గరి ఊరు చేరవచ్చా?

వాటర్ పంపు ఈ బెల్ట్ మీదే తిరిగితే వద్దు. మే నెల ఎండలో కొద్ది నిమిషాల్లోనే ఇంజన్ పైభాగమైన సిలిండర్ హెడ్ వంగేంత వేడెక్కుతుంది. అప్పుడు బెల్ట్ ఖర్చు పోయి ఇంజన్ పని మీద పడుతుంది. వాటర్ పంపును టైమింగ్ బెల్ట్ తిప్పే ఇంజన్ అయి, తెగిన ముక్కలన్నీ మీరు బయటికి తీసేస్తే, పగటిపూట ఏసీ, మ్యూజిక్, బ్లోవర్ ఆపి బ్యాటరీ మీద కొంతదూరం వెళ్లవచ్చు. మధ్యలో ఇంజన్ ఆపకండి, మళ్లీ స్టార్ట్ కాకపోవచ్చు. రాత్రయితే హెడ్‌లైట్లే బ్యాటరీని తాగేస్తాయి, ఎలక్ట్రిక్ స్టీరింగ్ కూడా దానిమీదే ఆధారపడుతుంది కాబట్టి లారీ ఎక్కించడమే మేలు.

చున్నీ, నైలాన్ తాడు కట్టి నడపవచ్చని విన్నాం

ఒకే వి గాడి ఉన్న పాత అంబాసిడర్, మారుతి 800 నాటి మాట అది. అప్పుడు కూడా ఏ అయిదారు కిలోమీటర్లకో. ఇప్పటి చదును గాడుల పుల్లీల మీద ముడి నిలవదు, టెన్షనర్‌కు తగిలి చుట్టుకుంటుంది. పైగా టైమింగ్ కవరు వైపు దూరితే బాగుచేయడానికి ఇంజనే విప్పాలి.